‘కిల్ బిల్’ రెండోసారి చూస్తే: స్టైలేనా, కథ చెప్పే పనితనమా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. కాలేజీ రోజుల్లో ‘కిల్ బిల్’ చూసినప్పుడు కత్తులు, నెత్తురు, పసుపు డ్రెస్సు తప్ప మీకు ఏమీ గుర్తులేవు. ఇన్నేళ్లకు పోయిన వారం రెండు భాగాలూ మళ్లీ చూస్తే ఎక్కడో గట్టిగా తగిలింది. ఇందులో నిజంగా కథ చెప్పే పనితనం ఉందా, లేక స్టైల్‌కి పడిపోయానా అని అడిగారు. గుంటూరులో మీ ఇంట్లోవాళ్లు ‘మళ్లీ ఆ నరుకుడు సినిమాయేనా’ అన్నారని కూడా రాశారు.

సూటిగా చెప్తాను. మిమ్మల్ని పట్టుకున్నది ఆ సినిమా వరస. ఏం జరగబోతోందో ముందే చెప్పేసి, దాన్ని ఏ వరసలో చెప్పాలి, ఎంత దూరం నుంచి చూపించాలి అని తేల్చుకోవడంలోనే దీని పనితనమంతా ఉంది. మొదటిసారి చూసేటప్పుడు మన కళ్లు కత్తి వెంట పరిగెడతాయి కాబట్టి అది కనపడదు. రెండోసారికి ఎవరు చస్తారో తెలుసు. కత్తిని వదిలేసి మిగతావి చూసే తీరిక అప్పుడు దొరుకుతుంది.

నేను విజయవాడ గవర్నర్‌పేటలో ఇరవై రెండేళ్లుగా ఎడిటింగ్ చేస్తున్నాను. ఎక్కువగా పెళ్లి వీడియోలు, కొన్ని లోకల్ యాడ్లు, ఈ పదేళ్లలో షార్ట్ ఫిల్ములు. ఆదివారాలు నలుగురైదుగురికి ఎడిటింగ్ నేర్పుతాను. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకు నేను మొదట చూపించేది ఈ సినిమానే. అందుకే సమాధానం కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. క్వెంటిన్ టరాంటినో దీన్ని ఒకే సినిమాగా తీశారు. నిడివి నాలుగు గంటలు దాటడంతో రెండు చేశారు. అమెరికాలో మొదటి భాగం 2003 అక్టోబర్‌లో, రెండోది 2004 ఏప్రిల్‌లో వచ్చాయి. కథ ఒక్క వాక్యమే. పెళ్లి రిహార్సల్ రోజున తనవాళ్లందర్నీ చంపి తన తలలో తూటా దింపిన ఐదుగురిని, నాలుగేళ్ల కోమా నుంచి లేచిన ఒక పెళ్లికూతురు ఒక్కొక్కరినే వెతుక్కుంటూ వెళ్తుంది. ఆ పాత్ర ఉమా థుర్మన్ వేశారు. రెండు భాగాలూ కలిపి పది అధ్యాయాలు.

ఇప్పుడు మొదటి అధ్యాయం చూడండి. దాని పేరే ‘2’. పసడీనా అనే ఊళ్లో ఒక మామూలు ఇంట్లో వెర్నీటా గ్రీన్ అనే ఆవిడను చంపి, పెళ్లికూతురు బండిలోకి వచ్చి నోటుబుక్కు తీస్తుంది. అందులో ఐదు పేర్లు. రెండో పేరు కొట్టేస్తుంది. అప్పటికే మొదటి పేరు, ఓ రెన్ ఇషీ, ఎర్రగా కొట్టేసి ఉంటుంది. అంటే సినిమా మొదలై పావుగంట దాటిందో లేదో, మొదటి భాగం మొత్తం ఎవరికోసం ఎదురుచూస్తామో ఆ మనిషి చచ్చిపోయిందని దర్శకుడే చెప్పేశాడు. క్లైమాక్స్‌లో హీరోయిన్ ఒక్కతే అంతమంది కత్తులవాళ్ల మధ్య నిలబడినప్పుడు ఆమె బతుకుతుందా లేదా అన్న టెన్షన్ మనకు లేదు. ఆ టెన్షన్ కావాలనే తీసేశారు.

దీని గురించి చెప్పినప్పుడల్లా మా కుర్రాళ్లు అడుగుతారు, ‘సస్పెన్స్ పోయాక ఇంకేం చూస్తారు సార్’ అని. మాది పల్నాడు వైపు ఊరు. చిన్నప్పుడు మా తాతయ్య నన్ను కారంపూడి తిరునాళ్లకు తీసుకెళ్లేవాడు. కార్తీకం చివర మొదలై ఐదు రోజులు జరుగుతుంది. రోజుకో పేరు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. పల్నాటి యుద్ధం కథ రోజుకో అధ్యాయంగా నడుస్తుందన్నమాట. వీరుల ఆయుధాలను కొణతాలంటారు. వాటిని ఎత్తుకుని ఊళ్లూళ్ల నుంచి జనం వస్తారు. బాలచంద్రుడు తిరిగి రాడని అక్కడ చంకలో పిల్లాడికి కూడా తెలుసు. అయినా బాలచంద్రుడు మాంచాల దగ్గర సెలవు తీసుకునే ఘట్టం రాగానే మా తాతయ్య భుజం మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకునేవాడు. ఏటా అదే చోట, ఒక్క మాట అటూ ఇటూ కాకుండా. పగల కథను, యుద్ధం కథను ఇలా వినడం మన ప్రాంతానికి ఎప్పటినుంచో అలవాటు. మీకు రెండోసారి గట్టిగా తగలడంలో వింతేం లేదు.

ఇక వరస సంగతి. జరిగింది జరిగినట్టు పేర్చితే కథ ఇలా ఉంటుంది. పెళ్లికూతురు ముసలి గురువు దగ్గర విద్య నేర్చుకోవడం, చర్చిలో కాల్పులు, కోమా, లేవడం, ఒకినావాలో కత్తి చేయించుకోవడం, టోక్యోలో ఓ రెన్, పసడీనాలో వెర్నీటా, కాలిఫోర్నియా ఎడారిలో జాబితాలోని బడ్, ఎల్, చివరికి మెక్సికోలో వాళ్లందరి నాయకుడు, ఆమె ఒకప్పటి ప్రియుడు బిల్. ఈ వరసలో సినిమా తీస్తే ఏమవుతుంది? టోక్యోలో గుంపును నరికిన మనిషి తర్వాత ఒక ఇంటి వంటగదిలో ఇంకొకావిడతో కొట్లాడుతుంది. అది దిగుడు మెట్టు. చూసేవాడికి అక్కడ ఆవలింత వస్తుంది. అదే సీన్‌ను మొదటికి తెచ్చారు. దాంతో అది చప్పబడకపోగా, మొత్తం సినిమాకి నైతికంగా బరువు తెచ్చిపెట్టే సీన్ అయింది.

ఆ వంటగది సీన్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. ముందుగదిలో ఇద్దరూ కత్తులతో కొట్టుకుంటున్నారు. అద్దాల బీరువా ముక్కలైంది. అప్పుడు ఇద్దరి మధ్యలో పెద్ద కిటికీ, కిటికీ బయట రోడ్డు మీద స్కూల్ బస్సు వచ్చి ఆగుతుంది. నాలుగేళ్ల పాప బ్యాగుతో దిగుతుంది. తలుపు తెరుచుకునేసరికి ఆడవాళ్లిద్దరూ కత్తులు వీపు వెనక దాచుకుని నిలబడి ఉంటారు. స్కూలెలా జరిగిందమ్మా అని తల్లి అడుగుతుంది. ఈ గాజుపెంకులన్నీ మన కుక్క చేసిన పని అంటుంది. ఇద్దరికీ ఆయాసం ఆగలేదు, మొహాల మీద నవ్వు మాత్రం ఉంది. పాపను లోపలికి పంపి కాఫీ తాగుతూ మాట్లాడుకుంటారు. పాపకి పెట్టాల్సిన సీరియల్ డబ్బాలోంచే తల్లి తుపాకీ పేలుస్తుంది, గురి తప్పుతుంది, కత్తి వచ్చి గుండెలో దిగుతుంది. సీరియల్ నేలంతా చిందర వందర. పెళ్లికూతురు తలెత్తి చూస్తే వంటగది గుమ్మంలో పాప నిలబడి ఉంది.

పాప ఏడవదు, కేకలు వేయదు. పెద్దయ్యాక నీకింకా బాధ తీరకపోతే రా, నేను ఎదురుచూస్తుంటాను అన్న అర్థం వచ్చేలా పెళ్లికూతురు చెప్పి వెళ్లిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు ఇది హీరోయిజం డైలాగులా ఉంటుంది. కానీ రెండు అధ్యాయాలు ముందుకెళ్లండి. మూడో అధ్యాయం ఓ రెన్ పుట్టుపూర్వోత్తరాలు. తొమ్మిదేళ్ల వయసులో మంచం కింద దాక్కుని తల్లిదండ్రుల చావు చూసింది. పదకొండేళ్లకు పగ తీర్చుకుంది. ఆ తర్వాత ఆమెకు తెలిసిన బతుకు అదొక్కటే. తల్లి చావు చూసిన పాపను ముందు చూపించి, అలాంటి పాప ఏమవుతుందో తర్వాత చూపించారు. ఎవరూ ఈ మాట నోటితో అనరు. వరసే అంటుంది. మన పెళ్లికూతురు, తనకు తెలియకుండానే, ఇంకో ఓ రెన్‌ను పసడీనాలో వదిలి వచ్చింది. ఈ రెండు అధ్యాయాలనూ తారుమారు చేసి చూడండి, ఈ అర్థం సగానికి సగం పోతుంది.

ఆ మూడో అధ్యాయాన్ని బొమ్మల్లో, అంటే జపాన్ యానిమే పద్ధతిలో చేశారు. ప్రొడక్షన్ ఐ.జి. అనే జపాన్ స్టూడియో పని అది. స్టైల్ కోసం చేశారని చాలామంది అనుకుంటారు. నా లెక్క వేరు. చిన్నపిల్లకు జరిగిన ఘోరాన్ని నటులతో చూపిస్తే మనం మొహం తిప్పేసుకుంటాం. బొమ్మ కావడంతో ఆ దూరం నుంచి చూడగలిగాం, చూసి ఓ రెన్ మీద జాలిపడ్డాం. చంపబోయే మనిషి మీద ముందు జాలి పుట్టించి, తర్వాత చంపించడం తేలికైన పని కాదు.

ఇక మీరు మీ ప్రశ్నలో రాసిన టోక్యో ఫైట్. అందరికీ గుర్తుండేది నరుకుడే. నేను కుర్రాళ్లకు చూపించేది దాని ముందరి షాట్. కట్ లేకుండా కెమెరా ఆ రెస్టారెంటంతా తిరుగుతుంది. పెళ్లికూతురు వెంట కాసేపు, పనివాళ్ల వెంట కాసేపు, పాటలు పాడే బ్యాండ్ పక్కనుంచి, మెట్ల కిందనుంచి, బాత్రూమ్ దాకా. ఎక్కడ మెట్లు, ఎక్కడ బాల్కనీ, ఎక్కడ తలుపు అన్నీ మనకు తెలియకుండానే తలలో అచ్చుపడతాయి. తర్వాత కొట్లాట ఎంత వేగంగా సాగినా ఎవరు ఎటున్నారో తికమక రాదు. మనవాళ్లు తీసే చాలా ఫైట్లలో నాకు అర్థంకానిది ఇదే. నాలుగు రోజులు ఫైట్ షూట్ చేస్తారు, ఆ స్థలాన్ని చూపించడానికి ఒక్క షాట్ తియ్యరు. ఎడిటర్ దగ్గరికి వచ్చాక ఏం చేసినా అతకదు.

అదే ఫైట్ మధ్యలో ఒక చోట రంగు పోయి బ్లాక్ అండ్ వైట్ అవుతుంది. జపాన్‌లో విడుదలైన ప్రింటులో ఆ ముక్క రంగుల్లోనే ఉంది. రేటింగ్ ఇబ్బందుల కోసం మార్చారని చెబుతారు. కారణం ఏదైనా, మళ్లీ రంగులోకి వచ్చిన పద్ధతి గమనించండి. పెళ్లికూతురు కళ్లు దగ్గరగా చూపిస్తారు. ఆమె రెప్ప వేసి తెరవగానే రంగు వచ్చేస్తుంది. కాసేపటికి లైట్లు ఆర్పేస్తారు, నీలం తెర ముందు నల్లని నీడలు మాత్రమే కొట్టుకుంటాయి. ఒకే కొట్లాటను మూడు రకాలుగా చూపించారు. కంటికి అలుపు వచ్చేలోపు చూసే పద్ధతే మార్చేస్తున్నారు.

తర్వాత మంచు తోట. వీలైతే దీన్ని ఒకసారి కళ్లు మూసుకుని వినండి. తోటలో నీళ్లు నిండగానే వంగి, ఖాళీ కాగానే పైకి లేచే వెదురు గొట్టం ఒకటి ఉంటుంది. జపాన్ తోటల్లో పెడతారు. అది రాతికి తగిలినప్పుడల్లా ‘టక్’ మంటుంది. లోపల అంత గోల తర్వాత తలుపు జరిపి బయటికొస్తే మంచు, నిశ్శబ్దం, ఈ టక్. చప్పట్లతో పాట మొదలవుతుంది, ఆగిపోతుంది. మిగిలేది అడుగుల చప్పుడు, ఊపిరి, వెదురు. రెండు టక్కుల మధ్య ఎంతసేపు ఉందో చెవి తెలియకుండానే లెక్కపెడుతూ ఉంటుంది. నేను ఈ సీన్ చూశాక బీజీఎం వేసే అలవాటు మార్చుకున్నాను. అంతకుముందు నాకు మూడు సెకన్లు ఖాళీ దొరికితే ఏదో ఒక మ్యూజిక్ నింపేవాడిని.

ఈ కట్ అంతా శాలీ మెంకీ చేతిది. మొదటి సినిమా నుంచి 2010లో ఆవిడ చనిపోయేదాకా టరాంటినో సినిమాలన్నిటికీ ఆవిడే ఎడిటర్. దర్శకుడి పేరు తలిచిన ప్రతిచోటా ఆవిడ పేరు కూడా తలవాలని నేను మా పిల్లలకు గట్టిగా చెప్తాను.

ఇప్పుడు రెండో భాగం. దీన్ని చాలామంది స్లో అంటారు. నాకు మాత్రం పనితనం ఇందులోనే ఎక్కువ కనిపిస్తుంది.

మొత్తం కథకు మూలమైన చర్చి హత్యాకాండను సినిమా చూపించదు. ఈ మాట చెబితే రెండుసార్లు చూసినవాళ్లు కూడా ‘లేదే, చూశామే’ అంటారు. చూడలేదు. ఆరో అధ్యాయంలో పెళ్లికూతురు చర్చి వాకిట్లో బిల్‌తో మాట్లాడుతుంది. మొదటి భాగమంతా బిల్ మొహం చూపించలేదు, చేతులు, గొంతు మాత్రమే. ఇక్కడ వేణువు పట్టుకుని తాపీగా కూర్చుని ఉంటాడు. ఇద్దరి మధ్యా ప్రేమ ఇంకా చావలేదని మనకు అర్థమవుతుంది. ఆమె లోపలికి వెళ్తుంది, రిహార్సల్ మొదలవుతుంది. అప్పుడు కెమెరా నెమ్మదిగా వెనక్కి జరుగుతూ గుమ్మం దాటి బయటికి వస్తుంది. తుపాకులు పట్టుకుని నలుగురు ఫ్రేములోకి వచ్చి లోపలికి నడుస్తారు. కెమెరా ఇంకా వెనక్కి, ఇంకా పైకి. లోపల కాల్పులు, కేకలు. మనకు కనపడేది ఆ చిన్న చర్చి బయటి గోడ. మొదటి భాగంలో చెయ్యి తెగితే ఫౌంటెన్‌లా నెత్తురు చిమ్మించిన దర్శకుడే, నిజంగా మనసు నొచ్చుకోవాల్సిన చోట తలుపు అవతల నిలబడిపోయాడు. అక్కడి నెత్తురు ఆట, ఇక్కడి చావు చావు. ఈ తేడా ఆయనకు తెలుసు అనడానికి నాకు ఇంతకంటే రుజువు అక్కర్లేదు. మీ ఇంట్లోవాళ్లకు చెప్పదలచుకుంటే ఈ ఒక్క షాట్ గురించి చెప్పండి.

నా పనిలో ఇది నాకు ఎలా పనికొచ్చిందో చెప్తాను. ఏడెనిమిదేళ్ల కిందట ఒక పెళ్లి వీడియో చేస్తున్నాను. అప్పగింతల టైములో హాల్లో ఉన్న కెమెరాకు అందరూ అడ్డం పడ్డారు. ఏడుస్తున్న వీపులు తప్ప ఏమీ పనికిరావు. రెండో కెమెరా కుర్రాడు బయట కారు దగ్గర ఉండిపోయాడు. వాడి ఫుటేజ్‌లో పూలు కట్టిన కారు, తెరిచి పెట్టిన వెనక తలుపు, సీటు మీద రాలిన బంతిపూలు చేత్తో ఏరుతున్న డ్రైవర్. నేను లోపలి గొంతులు, తల్లి ఏడుపు, ‘జాగ్రత్తమ్మా’ అన్న తండ్రి గొంతు ఆ కారు షాట్ మీద వేశాను. నలభై సెకన్లు, కట్ లేదు. క్యాసెట్ల కాలం నుంచి పెళ్లిళ్లు చేస్తున్నా, ఒక ఆడపిల్ల తండ్రి నా గదికి వచ్చి కూర్చుని అదే ముక్క మళ్లీ వెయ్యమని అడగడం అదొక్కసారే జరిగింది. నాకు ఆ ధైర్యం చర్చి షాట్ ఇచ్చింది.

రెండో భాగంలో ఇంకో సంగతి, కొట్లాటలు చిన్నవైపోతూ వస్తాయి. మన దగ్గర క్లైమాక్స్ దగ్గరపడే కొద్దీ సుమోలు పెరగాలి, మనుషులు పెరగాలి. ఇక్కడ మొదటి భాగం గుంపుతో ముగిసింది. రెండో భాగంలో బడ్ దగ్గరికి వెళ్తే కొట్లాటే జరగదు, తలుపు తెరవగానే ఆమెను కాల్చి పడేస్తాడు. ఎల్‌తో ఫైట్ కత్తి పూర్తిగా దూయడానికి చోటులేని ఇరుకు ట్రెయిలర్‌లో. చివరికి బిల్‌తో ఇద్దరూ కుర్చీల్లో కూర్చునే కొన్ని సెకన్లలో ముగిసిపోతుంది. ఫైట్ తగ్గే కొద్దీ మాట పెరుగుతుంది. ఎందుకంటే దూరంగా ఉన్న శత్రువుల నుంచి సొంత మనిషి దగ్గరికి వస్తున్నాం. ఎవరో తెలియని వందమందిని నరకడానికి కత్తి చాలు. ప్రేమించిన మనిషిని చంపాలంటే ముందు మాట్లాడుకోవాలి. చావు దెబ్బ తగిలాక కూడా బిల్‌కి లేచి నాలుగడుగులు వెయ్యడానికి టైముంది. అతను పెదాలు తుడుచుకుని కోటు సర్దుకోవడం చూడండి.

వరస ఎంత ముఖ్యమో ఇంకో చోట కూడా తెలుస్తుంది. బడ్ ఆమెను బతికుండగానే పెట్టెలో పెట్టి పూడ్చేస్తాడు. తెర చీకటైపోతుంది, మేకులు కొట్టే చప్పుడు, మీద మట్టి పడే చప్పుడు. సరిగ్గా అక్కడ కథ ఆపి ముసలి గురువు పాయ్ మే అధ్యాయం మొదలుపెడతారు. మూడంగుళాల దూరం నుంచి చెక్క మీద గుద్దడం, వేళ్లు వంకరపోయి అన్నం ముద్ద ఎత్తలేకపోవడం. మళ్లీ పెట్టెలోకి వచ్చేసరికి ఆమె ఏం చేయగలదో మనకు తెలుసు. ఇదే ట్రైనింగ్‌ను సినిమా మొదట్లో పెట్టి ఉంటే మామూలు ట్రైనింగ్ పాట అయ్యేది. ఫ్లాష్‌బ్యాక్ అవసరం పుట్టిన క్షణంలోనే ఫ్లాష్‌బ్యాక్ ఇచ్చారు.

మా దగ్గర నేర్చుకున్న గుంటూరు కుర్రాడు ఒకడు మిర్చి కోల్డ్ స్టోరేజ్ నేపథ్యంలో ఏడు నిమిషాల పగ కథ తీశాడు. అన్న చావుకు కారణమైన వ్యాపారిని తమ్ముడు చంపుతాడు. మొదటి కట్‌లో అన్నీ జరిగిన వరసలోనే ఉన్నాయి, చివర పొడవడం. నా గదిలో ఎనిమిదిమందికి వేస్తే మూడో నిమిషానికి ఇద్దరు ఫోన్లు తీశారు. వాడి దగ్గర ఒక షాట్ మిగిలిపోయి ఉంది. తమ్ముడు కుళాయి దగ్గర ఎర్రటి చేతులు కడుక్కుంటూ, మండుతున్నట్టు ఊదుకుంటాడు. దాన్ని మొదటికి తెచ్చాం, పొడిచే షాట్ మొత్తం తీసేసి షట్టర్ దించిన చప్పుడు పెట్టాం. చూసినవాళ్లు మొదట ఆ ఎరుపు కారం అనుకుంటారు, మిర్చి బస్తాలు మోసినవాడి చేతులు అలాగే ఉంటాయి కదా. సినిమా అయ్యాక మళ్లీ మొదటి షాట్ గుర్తొస్తుంది. ఈసారి ఎవరూ ఫోన్ తియ్యలేదు. కొత్తగా ఒక్క షాట్ కూడా తియ్యలేదు, ఉన్నదాన్నే పేర్చాం.

రెండోసారి చూసినవాళ్లకే దొరికే ముత్యం ఒకటుంది. మొదటి భాగమంతా పెళ్లికూతురు పేరు ఎవరైనా అంటే బీప్ వేస్తారు. రెండో భాగంలో గానీ పేరు బయటపడదు: బియాట్రిక్స్ కిడ్డో. ఇప్పుడు సినిమా మొట్టమొదటి సీన్‌కు వెళ్లండి. బ్లాక్ అండ్ వైట్‌లో నెత్తురోడుతున్న మొహం, ఒక చెయ్యి రుమాలుతో తుడుస్తుంది. కాల్చబోయే ముందు బిల్ ఆమెను ‘కిడ్డో’ అంటాడు. ఇంగ్లిష్‌లో అది చిన్నవాళ్లను ముద్దుగా పిలిచే మాట, మనం ‘బుజ్జీ’ అన్నట్టు. మొదటిసారి అలాగే వింటాం. నిజానికి అది ఆమె ఇంటిపేరు. దాచిపెట్టిన పేరును మొదటి నిమిషంలోనే మన చెవిలో వేశారు.

అలాగే మొదటి భాగం ఆఖరి మాట. ఆమె బిడ్డ బతికే ఉందన్న సంగతి ఆమెకు తెలుసా అని బిల్ అడుగుతాడు, తెర నల్లబడుతుంది. మన ఇంటర్వెల్ బ్యాంగ్ లాంటిదే. దీనివల్ల రెండో భాగమంతా ఆమెకు తెలియనిది మనకు తెలుసు. రెండూ కలిపి ఒకే సినిమాగా చేసిన కట్‌ను 2006లో కాన్ చిత్రోత్సవంలో వేశారు, 2025 డిసెంబర్‌లో అమెరికాలో థియేటర్లలో విడుదల చేశారు. అందులో ఈ మాట లేదు. కాబట్టి చివర్లో బొమ్మ తుపాకీ పట్టుకున్న పాపను ఆమె చూసినప్పుడే మనమూ చూస్తాం. ఒక్క వాక్యం తీసేస్తే రెండు గంటల సినిమా చూసే పద్ధతి మారిపోతుంది. నాకైతే మాట లేని కట్టే ఇష్టం. పెళ్లికూతురి మోకాళ్లు కూలిపోయే క్షణం అప్పుడు పూర్తిగా మనది కూడా అవుతుంది.

అన్నీ గొప్పగానే ఉన్నాయని మాత్రం అనను. ఆసుపత్రిలో కోమాలో ఉన్న ఆమె మీద జరిగే అత్యాచారం ప్రస్తావన నాకు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. కథకు అంత అవసరం లేదు. రెండో భాగంలో బిల్ జాడ చెప్పే ముసలాయన ఎస్తేబాన్ సీన్ బాగా సాగుతుంది. ఇంకొకటి మీరు తెలుసుకుని చూడాల్సింది: షూటింగ్‌లో ఒక కారు షాట్‌కు తనతోనే బండి నడిపించారని, చెట్టుకు గుద్దుకుని మెడ, మోకాళ్లు దెబ్బతిన్నాయని ఉమా థుర్మన్ 2018లో బయటపెట్టారు. టరాంటినో కూడా దాని గురించి పశ్చాత్తాపపడ్డారు. నేను పనితనం అని పొగుడుతున్నదాని వెనక ఆవిడ పడ్డ నిజమైన దెబ్బ ఉంది. మా పిల్లలకు ఈ సినిమా చూపించిన ప్రతిసారీ ఆ సంగతి కూడా చెప్తాను, షాట్ కోసం ఎవరి ఒళ్లూ పణంగా పెట్టొద్దని.

ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లు పడుకున్నాకే పెట్టుకోండి. నెత్తురు చూడలేనివాళ్లను బలవంతం చెయ్యకండి. వాళ్లకు నచ్చకపోవడం తప్పేం కాదు.

మూడోసారి చూస్తానంటే ఒక పని చెయ్యండి. ముందు ఒకటో అధ్యాయం, మూడో అధ్యాయం వెంట వెంటనే చూడండి. తర్వాత ఆరో అధ్యాయం ఒక్కటే, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని. ఆ తర్వాత పది అధ్యాయాలనూ పది చీటీల మీద రాసి మంచం మీద పరిచి, మీకు నచ్చిన వరసలో పేర్చండి. మా దగ్గర నేర్చుకునేవాళ్లందరికీ మొదటి ఆదివారం ఇచ్చే పని ఇదే. గంట పడుతుంది. చాలామంది పసడీనా చీటీని అటూ ఇటూ మార్చి, చివరికి తెచ్చి మొదటే పెడతారు. పాయ్ మే చీటీ దగ్గర మాత్రం ఎవరి దారి వాళ్లది. మీరు దాన్ని ఎక్కడ పెట్టారో ఫోటో తీసి ఇక్కడే పెట్టండి, ఎందుకు పెట్టారో కూడా రాయండి. చూడాలని ఉంది.